బర్కా నియోజకవర్గం (ఒమన్ మజ్లిస్ అష్షూరా): ఎన్నికల చరిత్ర

బర్కా ఒమన్ సుల్తానేట్‌లోని దక్షిణ బాతినా గవర్నరేట్‌కు చెందిన విలాయత్. ఒమన్‌లో ఎన్నికైన సభ్యులతో నడిచే జాతీయ సభ మజ్లిస్ అష్షూరా. ఆ సభకు బర్కా ఇద్దరు సభ్యులను పంపుతుంది. విలాయత్‌ను మన జిల్లాకూ మండలానికీ నడుమ ఉండే పాలనా విభాగంగా భావించవచ్చు. షూరా ఎన్నికల కోసం విడిగా నియోజకవర్గాలు గీయరు, విలాయత్ హద్దులే నియోజకవర్గం హద్దులు. అందువల్ల బర్కా ఎన్నికల చరిత్రలో పునర్విభజన గొడవలు గానీ రిజర్వుడు స్థానాల మార్పులు గానీ కనిపించవు. ఒమన్‌లో రాజకీయ పార్టీలు లేవు కాబట్టి పార్టీల గెలుపోటముల పట్టికా ఉండదు. ఓటు హక్కు ఎవరికి ఎప్పుడు దక్కింది, అది ఎంతవరకు విస్తరించింది, గెలిచిన సభ్యుని మాటకు ఎంత విలువ వచ్చింది అన్నవే ఈ చరిత్రలో ముఖ్యాంశాలు.

స్థానం, హద్దులు

ఒమన్ సింధుశాఖ ఒడ్డున పరచుకున్న బాతినా మైదానంలో, మస్కట్‌కు వాయవ్యంగా బర్కా ఉంది. తూర్పున మస్కట్ గవర్నరేట్‌కు చెందిన సీబ్, పడమట ముసన్నా, దక్షిణాన కొండల వైపు నఖల్, వాదీ అల్ మఆవిల్ విలాయత్‌లు దీనికి హద్దులు. సవాదీ, రుమైస్, ఫులైజ్, నఅమాన్ ఇక్కడి పేరున్న ఊళ్లలో కొన్ని. చేపల వేట, ఖర్జూర తోటలు, కూరగాయల సాగు పాత జీవనాధారాలు. విద్యుత్తును, సముద్రపు నీటి నుంచి మంచినీటిని ఉత్పత్తి చేసే కర్మాగారం 2003లో ఇక్కడ పని మొదలుపెట్టింది. ఖజాయిన్ ఆర్థిక నగరం కూడా ఈ విలాయత్‌లోనే ఉంది. చలికాలంలో జరిగే ఎద్దుల కుమ్ములాటలకు బర్కా మైదానం ఒమన్ అంతటా ప్రసిద్ధి.

2011 వరకు బాతినా అంతా ఒకే ప్రాంతం. ఆ ఏడాది అక్టోబరులో దాన్ని ఉత్తర, దక్షిణ బాతినా గవర్నరేట్లుగా విడదీశారు. రుస్తాఖ్ కేంద్రంగా ఏర్పడ్డ దక్షిణ బాతినాలో బర్కాతో పాటు రుస్తాఖ్, ముసన్నా, నఖల్, అవాబీ, వాదీ అల్ మఆవిల్ విలాయత్‌లు చేరాయి. ఈ మార్పు వల్ల బర్కా నియోజకవర్గం హద్దులకు ఏమీ కాలేదు గానీ, తర్వాత వచ్చిన మునిసిపల్ మండలి రూపాన్ని ఇదే నిర్ణయించింది (చూడండి: మునిసిపల్ మండలి ఎన్నికలు).

పూర్వరంగం

ఒమన్ ఇబాదీ సంప్రదాయంలో ఇమామ్ పదవి సిద్ధాంత రీత్యా వంశపారంపర్యం కాదు. పండితులూ తెగల పెద్దలూ కలిసి ఒకరిని ఎంచుకుని విధేయత ప్రకటించేవారు. ఆచరణలో యఅరుబీ వంశం, ఆ తర్వాత ఆల్ బూ సయీద్ వంశం అధికారాన్ని తమ ఇళ్లలోనే నిలుపుకున్నాయి. ఈ వంశ మార్పిడిలో బర్కాకు నేరుగా పాత్ర ఉంది. 18వ శతాబ్ది నడుమ ఒమన్ తీరంలో తిష్ఠ వేసిన పారశీక దండును అహ్మద్ బిన్ సయీద్ బర్కాలో విందుకు పిలిచి హతమార్చాడని ఒమనీ చరిత్రకారులు రాశారు. ఆయనే ఆల్ బూ సయీద్ వంశ స్థాపకుడు. 1806లో అధికారం కోసం జరిగిన ఇంటి పోరులో బద్ర్ బిన్ సైఫ్ హత్య కూడా బర్కా పరిసరాల్లోనే, నఅమాన్ కోట దగ్గర జరిగింది. ఆ తర్వాత సయీద్ బిన్ సుల్తాన్ అర్ధ శతాబ్దం పాటు మస్కట్‌ను, జాంజిబార్‌ను ఏలాడు. సముద్రపు ఒడ్డున బర్కా కోట, తోటల నడుమ బైత్ అన్నఅమాన్ నేటికీ నిలిచి ఉన్నాయి.

20వ శతాబ్దిలో చాలాకాలం విలాయత్ పాలన సుల్తాన్ నియమించిన వలీ చేతిలో ఉండేది. తెగల తరఫున షేక్‌లు వలీతో మాట్లాడేవారు. వలీ నేటికీ నియమితుడే, ఎన్నికయ్యేవాడు కాదు. ఆ విధంగా బర్కాలో రెండు రకాల ప్రాతినిధ్యం పక్కపక్కనే నడుస్తోంది: పైనుంచి కిందికి వచ్చే వలీ, కిందినుంచి పైకి వెళ్లే షూరా సభ్యుడు. మన దగ్గర కలెక్టరు, ఎమ్మెల్యేల మధ్య ఉన్న బంధాన్ని ఇది పైపైన గుర్తుకు తెస్తుంది. అయితే ఎమ్మెల్యేకున్న రాజకీయ బలం షూరా సభ్యునికి లేదు.

నియమిత సభల కాలం (1981–1991)

సుల్తాన్ ఖాబూస్ 1970 జులైలో గద్దెనెక్కాడు. పదకొండేళ్ల తర్వాత, 1981లో ప్రభుత్వ సలహా మండలి ఏర్పాటైంది. మొదట 45 మంది, 1983 నుంచి 55 మంది సభ్యులు ఉండేవారు. అందరూ నియమితులే. ప్రభుత్వ అధికారులు, వ్యాపారులు, ప్రాంతాల పెద్దలు ఇందులో కలిసి కూర్చునేవారు. ప్రాంతాల వాటా మొత్తం బాతినాకు కలిపి లెక్కించేవారే తప్ప బర్కాకంటూ విడిగా స్థానం ఉండేది కాదు. మండలి సలహా ఇవ్వగలిగేది, అదీ సామాజిక, ఆర్థిక విషయాలకే పరిమితం.

మూడు పేర్ల పద్ధతి (1991)

1991 నవంబరులో సలహా మండలి స్థానంలో మజ్లిస్ అష్షూరా వచ్చింది. అప్పటి 59 విలాయత్‌లకు ఒక్కొక్కటి చొప్పున 59 స్థానాలు ఇచ్చారు. బర్కాకు జాతీయ సభలో సొంత స్థానం దక్కడం ఇదే మొదలు.

ఆ ఎంపికలో బ్యాలెట్ పెట్టె లేదు. విలాయత్‌లోని షేక్‌లు, వర్తకులు, చదువుకున్నవారు, ఊరి పెద్దలు సమావేశమై తమలో మూడు పేర్లు తేల్చేవారు. ఆ జాబితా మస్కట్ చేరేది, ప్రభుత్వం పరిశీలించేది, ఆ ముగ్గురిలో ఒకరిని సుల్తాన్ ఖరారు చేసేవాడు. అలా మూడు పేర్ల వరకు ఊరి మాట చెల్లేది, చివరి మాట సుల్తాన్‌ది. దీన్ని ఎన్నిక అనాలా నియామకం అనాలా అన్నది ఒమన్‌పై రాసిన రాజనీతి శాస్త్రజ్ఞుల్లో చాలాకాలం నలిగిన చర్చ. రెండింటి నడుమ మధ్యేమార్గంగా చూడడమే న్యాయం. మొదటి పదవీకాలం మూడేళ్లు.

రెండు స్థానాల బర్కా (1994)

రెండో పదవీకాలానికి సభ్యుల సంఖ్య 80కి పెరిగింది. 30,000కు మించి జనాభా ఉన్న విలాయత్‌లకు రెండేసి స్థానాలు కేటాయించారు. బర్కా ఆ కోవలో చేరింది, నేటికీ అందులోనే ఉంది. పెద్ద విలాయత్‌లు నాలుగు పేర్లు పంపితే ప్రభుత్వం ఇద్దరిని, చిన్నవి రెండు పేర్లు పంపితే ఒకరిని ఎంచుకునేది.

ద్విసభ్య నియోజకవర్గం తెలుగువారికి కొత్త కాదు. 1952, 1955, 1957 ఎన్నికల్లో మన దగ్గరా అలాంటివి ఉండేవి. అయితే మన దగ్గరి కారణం వేరు. షెడ్యూల్డు కులాల లేదా తెగల అభ్యర్థికి ఒక స్థానం కేటాయించడానికి రెండు స్థానాలు కలిపేవారు. 1957లో పార్వతీపురం లోక్‌సభ స్థానంలో వి.వి.గిరి ఓడిపోయి సుప్రీం కోర్టు దాకా వెళ్లింది ఈ పద్ధతి మీదనే. 1961 చట్టంతో భారత్‌లో ద్విసభ్య నియోజకవర్గాలు రద్దయ్యాయి. బర్కాలో రెండో స్థానానికి జనాభా తప్ప మరో ఆధారం లేదు. రెండు స్థానాల్లో దేనికీ ప్రత్యేక వర్గం గానీ తెగ గానీ పేర్కొనలేదు.

30,000 అన్న గీత పక్కా నియమమే గానీ దానివల్ల వచ్చే వ్యత్యాసం చిన్నది కాదు. ఆ గీతను కొద్దిగా దాటిన విలాయత్‌కూ, దానికి ఎన్నో రెట్లున్న విలాయత్‌కూ రెండేసి స్థానాలే. రాజధాని పక్కనే ఉండి వేగంగా పెరిగిన బర్కా లాంటి చోట్ల ఒక్కో ఓటు బరువు కొండల్లోని చిన్న విలాయత్ ఓటు బరువు కంటే తక్కువ. పునర్విభజన లేని వ్యవస్థకు ఇది తప్పని ఫలితం.

ఓటరు ఎవరు: 1997 నుంచి 2003 వరకు

బర్కా చరిత్రలో అసలు మలుపు ఈ ఆరేళ్లలో వచ్చింది. 1997లో దేశమంతటా దాదాపు 51,000 మందిని ఓటర్లుగా ఎంపిక చేశారు. విలాయత్ స్థాయిలో ప్రముఖులు, విద్యావంతులు, వ్యాపారులను గుర్తించి వారికి ఓటు ఇచ్చారు. సభ 82 స్థానాలకు చేరింది. ఓట్లు ఎక్కువగా వచ్చినవారి జాబితాలోంచి తుది ఎంపిక మాత్రం అప్పటికీ పైనుంచే జరిగింది.

2000 సెప్టెంబరు ఎన్నికలకు ఓటర్ల సంఖ్యను సుమారు 1.75 లక్షలకు పెంచారు. వారిలో మూడో వంతు దాకా స్త్రీలు ఉండాలన్న ఆలోచన అమలు చేశారు. అంతకంటే ముఖ్యమైన మార్పు మరొకటి ఉంది: ఎక్కువ ఓట్లు వచ్చినవారే సభ్యులు. ఖరారు చేసే అధికారాన్ని సుల్తాన్ వదులుకున్నాడు. మూడు పేర్లు పంపి జవాబు కోసం ఎదురుచూసిన కాలం అక్కడితో ముగిసింది. సభలో స్థానాలు 83.

2003 అక్టోబరు 4న జరిగిన ఎన్నికతో 21 ఏళ్లు నిండిన ప్రతి ఒమనీ పౌరునికి, స్త్రీపురుష భేదం లేకుండా ఓటు హక్కు వచ్చింది. ఎంపిక చేసిన ఓటర్ల జాబితా స్థానంలో నమోదు చేసుకున్న ఓటర్ల జాబితా వచ్చింది. సుమారు 2.62 లక్షల మంది పేర్లు నమోదు చేయించుకున్నారు. అర్హత ఉన్నవారితో పోలిస్తే ఇది మూడో వంతు మాత్రమే. నమోదు ఓటరు బాధ్యత కావడం, ఓటు విలువ మీద ఇంకా నమ్మకం కుదరకపోవడం దీనికి కారణాలుగా పరిశీలకులు చెప్పారు. సభ్యుల పదవీకాలం మూడేళ్ల నుంచి నాలుగేళ్లకు పెరిగింది కూడా ఈ ఎన్నికతోనే.

ఒక ఊళ్లో పన్నెండేళ్ల వ్యవధిలో సభ్యుణ్ని తేల్చే చేతులు పెద్దల సమావేశం నుంచి మొత్తం వయోజన పౌరులకు మారడం వేగమైన మార్పే. అయితే ఏ అడుగూ వీధి ఉద్యమం వల్ల పడలేదు. ప్రతి అడుగూ శాసనం రూపంలో పైనుంచే వచ్చింది.

2007, 2011 ఎన్నికలు

2007 అక్టోబరు 27న జరిగిన ఎన్నికల్లో అభ్యర్థులకు బహిరంగ ప్రచారానికి అనుమతి దొరికింది. అంతకుముందు అభ్యర్థి ఇల్లిల్లూ తిరిగి మాట్లాడుకోవలసిందే. ఇప్పుడు రోడ్ల పక్కన ఫొటోలతో బోర్డులు, పత్రికల్లో ప్రకటనలు కనిపించసాగాయి. 84 స్థానాలకు 631 మంది పోటీ చేశారు.

2011 సంగతి వేరు. ఆ ఏడాది ఫిబ్రవరిలో బాతినా తీరంలోనే ఉన్న సొహార్‌లో నిరుద్యోగం, జీతాలు, అవినీతి మీద నిరసనలు మొదలయ్యాయి. బర్కా, సొహార్ ఒకే తీర రహదారి మీది ఊళ్లు. సొహార్ పారిశ్రామిక రేవు, బర్కా కర్మాగారాలు ఒకే తరానికి ఉద్యోగాల ఆశ చూపాయి. నిరసనల తర్వాత మంత్రివర్గంలో మార్పులు వచ్చాయి, షూరానూ నియమిత సభనూ కలిపిన ఒమన్ మండలికి శాసన, పర్యవేక్షణ అధికారాలు ఇస్తామని సుల్తాన్ మార్చిలో ప్రకటించాడు. అక్టోబరు 15న ఎన్నికలు జరిగాయి. 84 స్థానాలకు 1,133 మంది పోటీ పడ్డారు, 2007 సంఖ్యకు ఇది దాదాపు రెట్టింపు. నమోదైన ఓటర్లు 5.18 లక్షలు, పోలింగు 76 శాతం. పోలింగు జరిగిన కొద్ది రోజులకే వెలువడిన 99/2011 శాసనం సభకు కొత్త అధికారాలు ఇచ్చింది (చూడండి: సభ్యుని అధికారాలు). సభాపతిని సభ్యులే ఎన్నుకోవడం కూడా ఈ పదవీకాలంతో మొదలైంది. అలా తొలిసారి ఎన్నికైన సభాపతి ఖాలిద్ బిన్ హిలాల్ అల్ మఅవలీ.

2015 తర్వాత: పోలింగు గది నుంచి ఫోనుకు

2013లో షూరా ఎన్నికల చట్టం రాజ శాసనంగా వెలువడింది. నమోదు, నామినేషన్లు, ప్రచారం, ఫిర్యాదులు అన్నిటికీ ఒకే చోట నియమాలు దొరికాయి. న్యాయమూర్తి అధ్యక్షతన ఉన్నత ఎన్నికల సంఘం పర్యవేక్షణలో 2015 అక్టోబరు 25న ఎన్నికలు జరిగాయి. స్థానాలు 85, నమోదైన ఓటర్లు 6.11 లక్షలకు పైన, పోలింగు 56.66 శాతం.

2019 అక్టోబరు 27 నాటికి స్థానాలు 86కు, నమోదైన ఓటర్లు 7.13 లక్షలకు చేరినా పోలింగు 49 శాతానికి పడిపోయింది. కేంద్రాల్లో ఎలక్ట్రానిక్ ఓటింగు పరికరాలు వాడారు. విదేశాల్లోని ఒమనీయులు దాదాపు వారం ముందే ఫోను ద్వారా ఓటు వేశారు.

2023 అక్టోబరు 29 ఎన్నికలో పోలింగు కేంద్రమే లేదు. ‘అంతఖిబ్’ అనే ప్రభుత్వ యాప్ ద్వారా దేశమంతా ఓటు వేసింది. బర్కా ఓటరు చేయవలసింది ఇంతే. ఫోనులో యాప్ తెరిచి, చిప్ ఉన్న పౌర గుర్తింపు కార్డును ఫోను వెనక ఆనించాలి. కార్డు వివరాలు యాప్ చదివాక ఓటరు తన ముఖాన్ని ఫోను కెమెరాకు చూపాలి. కార్డు మీది ఫొటోతో ముఖం సరిపోలితే ఆ ఓటరు నమోదైన విలాయత్ అభ్యర్థుల జాబితా ఫొటోలతో సహా తెరమీదికి వస్తుంది. ఎంచుకుని ఖరారు చేస్తే పని అయిపోయినట్టే. చిప్ చదవలేని పాత ఫోను ఉన్నవారు ఇంట్లోవారి ఫోను తీసుకోవలసి వచ్చింది. స్థానాలు 90, నమోదైన ఓటర్లు 7.53 లక్షలకు పైన, పోలింగు 65.88 శాతం. నాలుగేళ్ల నాటి 49 శాతంతో పోలిస్తే ఇది గట్టి పెరుగుదల. ఎండలో బడి ఆవరణలో వరుసలో నిలబడే పని తప్పడం దీనికి కారణమని తేలిగ్గా చెప్పవచ్చు గానీ, ఏడాది ముందు ఇదే యాప్‌తో జరిగిన మునిసిపల్ ఎన్నికల్లో పోలింగు 40 శాతానికి చేరలేదు. సౌకర్యం ఒక్కటే ఓటరును కదిలించదని ఈ రెండు సంఖ్యలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

2022లో జబల్ అఖ్దర్, సినావ్ కొత్త విలాయత్‌లు కావడంతో 2023 నాటికి విలాయత్‌లు 63 అయ్యాయి. 90 స్థానాల లెక్క ఇలా తేలుతుంది: 63 విలాయత్‌లకు ఒక్కొక్కటి, వాటిలో పెద్దవైన 27 విలాయత్‌లకు అదనంగా మరొకటి. ఆ 27లో బర్కా ఒకటి.

అర్హతలు

ఓటరుకు 21 ఏళ్లు, అభ్యర్థికి 30 ఏళ్లు నిండాలి. అభ్యర్థి ఒమనీ పౌరుడై, మాధ్యమిక విద్య పూర్తిచేసి ఉండాలి. సైనిక, భద్రతా దళాల్లో పనిచేస్తున్నవారు పోటీ చేయరాదు. మన దేశంలో ఓటు వయసు 1989 నుంచి 18, శాసనసభ అభ్యర్థికి 25. ఎమ్మెల్యే పోటీకి చదువు అర్హత లేదు.

నమోదు విషయంలో ఒక ప్రత్యేకత ఉంది. ఓటరు తాను నివసించే విలాయత్‌లో గానీ తన కుటుంబ మూలమైన విలాయత్‌లో గానీ నమోదు కావచ్చు. మస్కట్‌లో ఉద్యోగం చేసే బర్కా మనిషి బర్కా ఓటరుగానే మిగలవచ్చు. పండుగకు ఊరెళ్లి ఓటేసి వచ్చే మనవారి అలవాటుకు చట్టం అక్కడ దారి ఇచ్చింది. దీనివల్ల బర్కా ఓటర్ల జాబితా బర్కా జనాభాకు నకలు కాదు.

ప్రచారం, బంధుబలం

పార్టీలు లేనిచోట అభ్యర్థి పేరు, చదువు, ఉద్యోగం, కుటుంబం ఇవే అతని గుర్తు. తెగ, మతం, ప్రాంతం పేరిట విభేదాలు రెచ్చగొట్టే ప్రచారాన్ని నియమాలు నిషేధిస్తాయి. డబ్బు, బహుమతులు పంచడం నేరం. అయినా ఓటు బంధుబలం మీద కదులుతుందన్నది ఒమన్ ఎన్నికలను అధ్యయనం చేసినవారు తరచు చెప్పే మాట. పెద్ద కుటుంబాలు ముందే కూర్చుని ఒకే అభ్యర్థిని నిలపాలని చూస్తాయి. ఓట్లు చీలితే స్థానం చేజారుతుందన్న భయం దీనికి కారణం. రెండు స్థానాలున్న బర్కా లాంటి విలాయత్‌లో ఈ లెక్క ఇంకాస్త చిక్కుపడుతుంది.

ప్రచారంలో వినిపించే విషయాలు ఎక్కువగా స్థానికమైనవే: యువతకు ఉద్యోగాలు, రోడ్లు, ఆస్పత్రి, మత్స్యకారుల రేవు, తోటల్లోకి చొరబడే ఉప్పునీరు, ఇళ్ల స్థలాలు. బాతినా తీరంలో భూగర్భ జలాలను అతిగా తోడడంతో సముద్రపు నీరు లోపలికి రావడం దశాబ్దాల సమస్య. 2021 అక్టోబరులో వచ్చిన షాహీన్ తుపాను బాతినా తీరాన్ని తాకింది. వరదనీటి కాలువలు, వంతెనల సంగతి ఆ తర్వాతి ఎన్నికల నాటికి తీరప్రాంతమంతా ప్రధాన విషయమైంది.

స్త్రీల ప్రాతినిధ్యం

1994లో మొదట మస్కట్ ప్రాంతంలోని స్త్రీలకు మాత్రమే పోటీ చేసే అవకాశం ఇచ్చారు. షకూర్ అల్ గమ్మారీ, తైబా అల్ మఅవలీ సభ్యులయ్యారు. 1997 నుంచి దేశమంతటి స్త్రీలకు, బర్కాతో సహా, ఆ అవకాశం వచ్చింది. 2000, 2003 ఎన్నికల్లో లుజైనా దర్వీష్, రహీలా అల్ రియామీ గెలిచారు. 2007లో 21 మంది స్త్రీలు పోటీ చేసి అందరూ ఓడిపోయారు. 2011లోనూ 2015లోనూ గెలిచిన ఏకైక స్త్రీ నిఅమా అల్ బూసయీదీ. ఆమె స్థానం బర్కాకు పొరుగున ఉన్న సీబ్. 2019లో ఇద్దరు గెలిచారు, 2023లో 32 మంది పోటీ చేసినా ఎవరూ గెలవలేదు. ఇన్నేళ్లలో గెలిచిన స్త్రీలు మస్కట్ గవర్నరేట్, సొహార్ నుంచి వచ్చినవారే. బర్కా రెండు స్థానాలూ పురుషుల వద్దే ఉండిపోయాయి.

షూరాలో స్త్రీలకు కోటా లేదు. నియమిత సభ అయిన మజ్లిస్ అద్దౌలాలో మాత్రం సుల్తాన్ ప్రతిసారీ పలువురు స్త్రీలను నియమిస్తూ వస్తున్నాడు. ఓటరు ఇవ్వని ప్రాతినిధ్యాన్ని నియామకం పూరిస్తోందన్నమాట. దీన్ని మెచ్చుకునేవారూ ఉన్నారు, ఓటరు అలవాటు మారకుండా పోవడానికి ఇదే కారణం అనేవారూ ఉన్నారు.

మునిసిపల్ మండలి ఎన్నికలు

116/2011 శాసనంతో ప్రతి గవర్నరేట్‌కూ ఎన్నికైన సభ్యులున్న మునిసిపల్ మండలి ఏర్పడింది. తొలి ఎన్నికలు 2012 డిసెంబరు 22న 192 స్థానాలకు, రెండోవి 2016 డిసెంబరు 25న 202 స్థానాలకు జరిగాయి. కోవిడ్ వల్ల ఆలస్యమైన మూడో ఎన్నికలు 2022 డిసెంబరు 25న 126 స్థానాలకు జరిగాయి. బర్కా నుంచి ఎన్నికైనవారు దక్షిణ బాతినా మండలిలో కూర్చుంటారు. వీధి దీపాలు, మార్కెట్లు, పార్కులు, చెత్త, స్థానిక రోడ్లు వారి పరిధి. షూరా సభ్యుని కంటే వీరి పని ఊరివాళ్ల కంటికి ఎక్కువగా ఆనుతుంది, అయినా పోలింగు మాత్రం తక్కువే.

సభ్యుని అధికారాలు, పరిమితులు

ఒమన్ మండలికి రెండు సభలు: ఎన్నికైన మజ్లిస్ అష్షూరా, నియమితమైన మజ్లిస్ అద్దౌలా. 1996 మౌలిక శాసనం ఈ ఏర్పాటు చేసింది. 2011కు ముందు షూరా సలహా ఇచ్చేది. ఆ తర్వాత ప్రభుత్వ బిల్లులు షూరాకు, అక్కడి నుంచి మజ్లిస్ అద్దౌలాకు, చివరకు సుల్తాన్ ఆమోదానికి వెళ్తున్నాయి. బడ్జెట్, అభివృద్ధి ప్రణాళికల ముసాయిదాలు కూడా సభ ముందుకు వస్తాయి. కనీసం 15 మంది సభ్యులు సంతకం చేస్తే సేవా శాఖల మంత్రిని సభలో నిలదీయవచ్చన్న నియమం 2011 నాటిదే. రక్షణ, అంతర్గత భద్రత, విదేశాంగం ఈ పరిధిలోకి రావు. ఖాబూస్ తర్వాత గద్దెనెక్కిన సుల్తాన్ హైథమ్ హయాంలో 2021 జనవరిలో వెలువడిన కొత్త మౌలిక శాసనం, దానితో పాటు వచ్చిన ఒమన్ మండలి చట్టం ఈ వ్యవస్థను తిరిగి క్రమబద్ధం చేశాయి. ప్రభుత్వాన్ని పడగొట్టే అధికారం సభకు లేదు. మంత్రులను నియమించేది సుల్తానే.

సభ్యత్వానికి ఉన్న హద్దు ఎక్కడుందో ఉత్తర బాతినాలోని లివా విలాయత్ ఉదంతం చూపింది. 2011లో అక్కడ గెలిచిన తాలిబ్ అల్ మఅమరీ సొహార్ రేవు కాలుష్యం మీద జరిగిన నిరసనకు సంబంధించి 2013లో అరెస్టయి, 2014లో శిక్షకు గురయ్యాడు. ప్రభుత్వం దీన్ని చట్టవిరుద్ధ సమావేశం కేసుగా చెప్పగా, మానవ హక్కుల సంఘాలు ప్రజాప్రతినిధి గొంతు నొక్కడంగా విమర్శించాయి. 2016లో ఆయనకు క్షమాభిక్ష లభించింది.

ఓటు లేని నివాసులు, తెలుగువారు

2020 జనగణన ప్రకారం ఒమన్ జనాభా సుమారు 44.7 లక్షలు, అందులో దాదాపు 39 శాతం ప్రవాసులు. బర్కాలోని నిర్మాణ స్థలాల్లో, వర్క్‌షాపుల్లో, తోటల్లో, ఇళ్లలో పనిచేసేవారిలో భారతీయుల వాటా పెద్దది. గోదావరి జిల్లాలు, కడప, కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు వెళ్లినవారు వీరిలో ఉన్నారు. షూరాకు గానీ మునిసిపల్ మండలికి గానీ వీరికి ఓటు లేదు, ఎన్ని ఏళ్లున్నా రాదు.  ఓటరు జాబితాలో లేనివారి అవసరాలు అభ్యర్థి మాటల్లోకి రావడం అరుదు. అద్దె ఇళ్లు, జీతాల బకాయిలు, వీసా మార్పులు వంటివి కార్మిక శాఖ దగ్గరో, భారత రాయబార కార్యాలయం దగ్గరో తేలవలసినవే.

వారి ఓటు స్వదేశంలోనే ఉంది. ప్రజాప్రాతినిధ్య చట్టానికి 2010లో చేసిన సవరణతో 20ఎ సెక్షన్ వచ్చింది. మరో దేశ పౌరసత్వం తీసుకోని ప్రవాస భారతీయుడు పాస్‌పోర్టులోని చిరునామాను బట్టి తన సొంత నియోజకవర్గంలో ఫారం 6ఎ ద్వారా ఓటరుగా నమోదు కావచ్చు. ఓటు మాత్రం స్వయంగా వచ్చి పాస్‌పోర్టు చూపి వేయాలి. ప్రవాసులకు ఎలక్ట్రానిక్ పోస్టల్ బ్యాలెట్ ఇవ్వవచ్చని ఎన్నికల సంఘం 2020లో కేంద్రానికి ప్రతిపాదించింది గానీ, సాధారణ ప్రవాస ఓటరుకు అది ఇంకా అమల్లోకి రాలేదు. విదేశంలో ఉన్న ఒమనీయుడు 2019 నుంచీ ఫోను మీద ఓటు వేస్తుంటే, బర్కాలో పనిచేసే రాజోలు మనిషి తన ఎమ్మెల్యేను ఎన్నుకోవడానికి విమానం టికెట్టు కొనుక్కోవాలి.

ప్రస్తుత స్థితి

2023 ఎన్నికతో మొదలైన పదో పదవీకాలం 2027 వరకు సాగుతుంది. బర్కాకు కేటాయించిన స్థానాలు 1994లో ఉన్నట్టుగానే రెండు.